కట్టెలు నిజంగా ఎండాయో లేదో చెప్పే మీటర్

కట్టె పైకి ఎండినట్టే కనిపిస్తుంది, రెండు ముక్కలు కొడితే ఠంగుమని మోగుతుంది కూడా, తీరా పొయ్యిలో పెట్టాక చివర్ల నుంచి బుసబుస నురగ కక్కుతూ ఇల్లంతా పొగ. ఒక చలికాలమంతా కళ్లు మండాక తేమ మీటర్ కొన్నాను.

కట్టెలకైతే రెండు సూదులున్న రకమే తీసుకోండి. పైన ఆనించి చూసేవి నున్నటి పలకలకు బాగుంటాయి కానీ చీల్చిన కట్టె ఎగుడుదిగుడుగా ఉంటుంది, సరిగ్గా ఆనవు. సూదుల రకం కరెంటుకు చెక్క ఎంత అడ్డుపడుతోందో చూసి తేమ లెక్క కడుతుంది, తడి ఎక్కువైతే కరెంటు సులువుగా పారుతుంది.

చాలామంది బెరడు మీదో కోసిన చివర్లోనో గుచ్చేస్తారు. అక్కడ ముందే ఆరిపోయి ఉంటుంది, ఆ అంకెను నమ్మకండి. అప్పటికప్పుడు చీల్చి, లోపలి కొత్త ముఖం మధ్యలో, రెండు సూదులూ పీచు వెంబడి ఒకే వరసలో దిగేలా గట్టిగా నొక్కాలి. నా దుంగ ఒకటి చివర 16 చూపించి, చీల్చాక మధ్యలో 29 చూపింది!

20 శాతం లోపుంటే హాయిగా కాల్చుకోవచ్చు. 30 దాటితే ఆ అంకె అంత కచ్చితం కాదు, ఇంకా పచ్చిగా ఉందని మాత్రం తెలుస్తుంది. బాగా చల్లబడిన కట్టెలో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి రాత్రంతా ఇంట్లో ఉంచి, తెల్లారాక చీల్చి చూడండి. కుప్పలో పైదొక్కటే కాదు, అడుగున ఉన్నవి కూడా.