సాలూరు ఘాట్‌లో లాగని బండి

సంక్రాంతి వెళ్ళిన వారం, విజయనగరం నుంచి కోరాపుట్ బయల్దేరాం. మాది ఎనిమిదేళ్ళ డీజిల్ బండి, లక్షా పది వేలు తిరిగింది. గజపతినగరం, రామభద్రపురం దాకా రోడ్డు చదునే కాబట్టి ఏమీ తెలియలేదు. సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ముందు సిమెంటు లారీ. రోడ్డు ఖాళీ చూసి మూడో గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కాను. ఇంజను అరిచింది గానీ బండి ముందుకు దూకలేదు. లారీ పక్కనే వేలాడుతున్నట్టయింది. మలుపులో ఎదురు బస్సు కనబడేసరికి బ్రేకు కొట్టి మళ్ళీ లారీ వెనకే చేరాను. మా ఆవిడ కోరాపుట్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వెనక్కి చూస్తే మా బండి నల్లటి పొగ వదులుతోంది.

నిజానికి నాలుగు నెలలుగా పికప్ తగ్గుతూనే ఉంది. లీటరుకి ఇరవై ఇచ్చేది పదహారుకి దిగింది. బంకులో డీజిల్ బాగోలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తిరిగొచ్చి ఊళ్ళో నాకు తెలిసిన షెడ్డుకి ఇచ్చాను. డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చారు. రెండూ ఎలాగూ మార్చాల్సినవే, బాధ లేదు. తేడా రాలేదు. రెండోసారి, పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు విప్పి మసి గీకారు. గుప్పెడు మసి కాగితంలో పోసి చూపిస్తే రోగం దొరికిందనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో బండి కాస్త చురుగ్గా ఉన్నట్టు కూడా అనిపించింది. డబ్బులిచ్చిన రోజు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మూడోసారి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, కాకపోతే ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో, నలభై యాభై వేలు అవుతుందన్నారు. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా బండి నడిపి చూడలేదు. షెడ్డులో న్యూట్రల్‌లో పెట్టి రేస్ ఇవ్వడం, చెవి ఒగ్గడం, అంతే. ఇంజను లైటు వెలగలేదు కదా అని స్కానరు కూడా పెట్టలేదు.

యాభై వేలంటే నాకు నిద్ర పట్టలేదు. ఖర్చు లేనివి ముందు నేనే చూసుకున్నాను. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగబాకుతుంది, వేగం మాత్రం పెరగదు. మా బండిలో ముల్లే బద్ధకంగా లేస్తోంది, కాబట్టి క్లచ్ కాదు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని పది కిలోమీటర్లు తిప్పి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ఏదీ మిగతావాటికంటే వేడిగా లేదు. చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలితే హాయిగా దొర్లింది.

తర్వాత తొమ్మిది వందలు పెట్టి, స్టీరింగు కింద ప్లగ్గుకి తగిలించి ఫోన్లో చూసుకునే చిన్న స్కానరు కొన్నాను. అందులో పీ0299 అని ఒక కోడ్ పెండింగులో కనబడింది. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. పెండింగులో ఉన్న కోడ్‌కి లైటు వెలగదట! మా ఆవిడ ఫోను పట్టుకుంటే, రాత్రి ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కాను. ఐడిల్‌లో 100 కిలోపాస్కల్ చూపించింది. అది మామూలు గాలి ఒత్తిడే. తొక్కితే 200 దాటాల్సింది, 130 దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ నేను కూడా తప్పు చేశాను. టర్బోయే పోయిందని తేల్చేసుకున్నాను. సాలూరు నుంచి మా మామగారు ఫోన్ చేసి, "డబ్బులు కట్టేముందు ఒకసారి మా ఊరు తీసుకురండి బాబూ" అన్నారు. సాలూరంటేనే లారీల ఊరు, మేస్త్రీలకు కొదవ లేదు. ఆయన తీసుకెళ్ళిన మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తలేదు, వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. "ఘాట్ వేపు పోనీ బాబూ" అన్నాడు. అద్దం దించి, ఏసీ, రేడియో కట్టేయించాడు. ఎక్కుడులో తొక్కమన్నాడు. రెండు నిమిషాలకి, "ఉస్సుమంటంది, ఇనబడ్లేదేటి?" అన్నాడు. నిజంగానే సన్నటి ఉస్సుమనే శబ్దం. తొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది. నాలుగు నెలలుగా పాటలు పెట్టుకుని తిరిగినవాణ్ణి, నాకేం వినబడుతుంది?

పక్కకి ఆపించి, కాసేపు చల్లారాక చెయ్యి లోపలికి దూర్చాడు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే లావుపాటి రబ్బరు పైపు అడుగున వేళ్ళు రాసి చూపించాడు. నల్లగా ఆయిల్ జిడ్డు. పైపు విప్పి వంచితే వేలెడంత చీలిక నోరు తెరిచింది, వదిలితే మూసుకుపోయింది. పక్కనున్న ఇనప పట్టీకి ఒరుసుకుని ఒరుసుకుని చీలింది. ఖాళీగా రేస్ ఇస్తే టర్బోలో ఒత్తిడి పెద్దగా పుట్టదు, చీలిక తెరుచుకోదు, అందుకే షెడ్డులో దొరకలేదు. ఎక్కుడులో మాత్రం గాలి మధ్యలోనే బయటికి పోతుంది. సెన్సరు ముందే కొలిచిన గాలి లెక్కకి కంప్యూటరు డీజిల్ పోస్తుంది, ఆ గాలి ఇంజనుదాకా చేరదు. నల్ల పొగ అదే, మైలేజీ పడిపోయింది కూడా అందుకే.

అప్పటికి ట్యూబు ముక్క చుట్టి, రెండు క్లిప్పులు బిగించి, "ఇంటికెళ్ళడానికే ఇది, ఘాట్ ఎక్కకు" అన్నాడు. మూడొందలు తీసుకున్నాడు. కొత్త పైపు విశాఖ నుంచి బస్సు పార్సిల్‌లో రెండు రోజులకి వచ్చింది, పద్దెనిమిది వందలు. అది కూడా ఆయన చేతే వేయించాను. ఆ పట్టీకి పాత టైరు రబ్బరు ముక్క కట్టాడు, మళ్ళీ ఒరుసుకోకుండా.

వెంటనే ఘాట్ ఎక్కాను. స్కానరు 210 చూపించింది, అద్దంలో పొగ లేదు. మైలేజీ తర్వాతి రెండు ట్యాంకులకి పంతొమ్మిదికి చేరింది. ఇప్పుడు నెలకోసారి బానెట్ ఎత్తి, ఆ పైపు అడుగున వేలు రాసి చూస్తున్నాను. ఇంతవరకూ జిడ్డు అంటలేదు.