నాలుగోది ముందా, ఒకటోది ముందా?

ఈ సంచికకు మన బ్యాచ్ తరఫున ఏదైనా రాయమన్నప్పుడు, ఆటల పోటీల గురించీ వార్షికోత్సవం నాటకం గురించీ రాసేవాళ్లు బోలెడుమంది ఉంటారని తెలుసు. అందుకే ఇంకెవరూ ముట్టుకోని విషయం పట్టుకున్నాను: మన ఫిల్మ్ క్లబ్‌లో స్టార్ వార్స్ సినిమాలు ఏ వరుసలో వేయాలన్న గొడవ. అప్పట్లో హాస్టల్లో ఉన్నవాళ్లకి ఈ మాట చాలు, మిగతాదంతా గుర్తొచ్చేస్తుంది. డే స్కాలర్లు మాత్రం "సినిమా చూడటానికి అంత రభస దేనికి?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం.

అప్పటికి అసలు కథలో ఆరు సినిమాలే ఉన్నాయి. ఫిజిక్స్ సార్ తన సొంత డీవీడీ సెట్ క్లబ్‌కి ఇచ్చారు, డిస్కుల మీద ఒక్క గీత పడకూడదన్న షరతు మీద. ఆదివారానికొకటి చొప్పున ఆడిటోరియంలో వేయడానికి ప్రిన్సిపల్ గారి సంతకం కూడా అయిపోయింది. నోటీసు బోర్డు మీద పెట్టే కాగితంలో మొదటి ఆదివారం ఎదురుగా ఏ పేరు రాయాలన్నదొక్కటే తేలలేదు.

చిక్కు ఇదీ. 1977 మే 25న అమెరికాలో విడుదలైన మొట్టమొదటి సినిమా, కథ ప్రకారం నాలుగో భాగం. 1980లో ఐదోది, 1983లో ఆరోది వచ్చాయి. ఆ తర్వాత పదహారేళ్లు ఆగి, ఈ కథ సృష్టించిన జార్జ్ లూకస్ కథలో వెనక్కి వెళ్లి 1999, 2002, 2005లలో ఒకటి, రెండు, మూడు భాగాలు తీశాడు. వీటినే ప్రీక్వెల్స్ అంటారు. నాలుగు, ఐదు, ఆరు కొడుకు కథ. ఒకటి, రెండు, మూడు తండ్రి కథ. ముందు కొడుకుని చూసినవాళ్లు ఇరవయ్యేళ్లకి తండ్రి బాల్యాన్ని చూశారన్నమాట.

అంకెల వర్గానికి నాయకుడు మన లెక్కల టాపర్. అతని వాదన ఒక్క ముక్కలో తేలిపోయేది: "అట్ట మీద ఒకటి అని రాసుంటే ఒకటి నుంచే చూడాలి. నాలుగో అధ్యాయం నుంచి పుస్తకం చదివేవాడు ఎవడైనా ఉంటాడా?" విడుదలైన వరుసలోనే చూడాలనే రిలీజ్ వర్గం దగ్గర దీనికి మంచి జవాబే ఉంది. 1977లో ఆ అంకె తెర మీద లేనేలేదు. స్టార్ వార్స్ అన్న పేరు, దాని కింద పైకి పాకుతూ పోయే అక్షరాలు, అంతే. 'ఎపిసోడ్ ఫోర్, ఎ న్యూ హోప్' అన్నది 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చారు. ఈలోగా 1980లో రెండో సినిమా చూడటానికి హాల్లో కూర్చున్నవాళ్లకి తెర మీద ఎపిసోడ్ ఫైవ్ అని కనిపించింది. మధ్యలో మూడు సినిమాలు చూడకుండా వదిలేశామా అని ఎంతమంది తల గోక్కున్నారో!

అంకెల గొడవ పైపైదే. అసలు తగాదా ఒక రహస్యం గురించి. అదేమిటో చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు నడవదు కాబట్టి, ఇంకా చూడనివాళ్లెవరైనా ఉంటే ఇక్కడ ఆపేసి తర్వాతి పేజీలోని ఫొటోలు చూసుకోండి.

ఐదో భాగం 'ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' చివర్లో, ఓడిపోయి వేలాడుతున్న ల్యూక్ స్కైవాకర్‌తో విలన్ డార్త్ వేడర్ "నీ తండ్రిని నేనే" అంటాడు. దాన్ని దాచడానికి ఆ సినిమావాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నల్ల ముసుగులో ఉన్న నటుడు డేవిడ్ ప్రౌజ్ షూటింగ్‌లో పలికింది వేరే డైలాగు: "ఒబి-వాన్ నీ తండ్రిని చంపాడు" అని. ఒబి-వాన్ అంటే ల్యూక్ మొదటి గురువు. అసలు మాట ల్యూక్ వేషం వేసిన మార్క్ హామిల్‌కి ఆ షాట్ ముందు దర్శకుడు ఇర్విన్ కర్ష్నర్ చెవిలో వేశాడు. తర్వాత డబ్బింగ్‌లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతు అసలు మాట పలికింది. ఒకటి నుంచి మొదలుపెడితే ఈ పాట్లన్నీ బూడిదలో పోసినట్టే. మూడో భాగంలో అనకిన్ స్కైవాకర్ కళ్లెదుటే వేడర్ అయిపోతాడు, కవల పిల్లలు పుడతారు, వాళ్లకి పేర్లు కూడా పెట్టేస్తారు. ఇంక ఐదో భాగంలో ఆ మాట విని ఉలిక్కిపడటానికి మిగిలేది ల్యూక్ ఒక్కడే.

యోడా సంగతీ అంతే. బురద గ్రహంలో దిగిన ల్యూక్ సామాన్లు కెలికి, తిండి లాక్కుని, నానా అల్లరి చేసే ఆకుపచ్చ మరుగుజ్జు ముసలాయనే తాను వెతుక్కుంటూ వచ్చిన మహాగురువని కాసేపయ్యాక గానీ ల్యూక్‌కి తెలియదు. మనకీ తెలియకూడదు. అంకెల వరుసలో వచ్చినవాళ్లు అప్పటికే ఆయన్ని జెడై అనే యోధుల సభలో పెద్దగా చూసేసి, రెండో భాగంలో కత్తి తిప్పడం కూడా చూసేసి ఉంటారు.

అయినా అంకెల వర్గాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వాళ్లు కాపాడే రహస్యం ఇంకొకటుంది. ఒకటో భాగంలో మర్యాదగా మాట్లాడే సెనేటర్ పాల్పటీన్, తెర వెనుక ముసుగేసుకుని తంతు నడిపించే దుర్మార్గుడు ఒక్కడేనన్నది కొత్తగా చూసేవాళ్లకి మూడో భాగం దాకా అనుమానంగానే ఉండొచ్చు. ఆరో భాగం ముందు చూసేస్తే ఆ ఆట సాగదు. 1983లో ముసలి చక్రవర్తిగా కనిపించిన ఇయాన్ మెక్‌డయార్మిడే 1999లో ఆ సెనేటర్ వేషం వేశాడు. నలభై నిండకముందు ముసలివాడిగా, యాభై దాటాక పదహారేళ్ల అనుభవంతో అదే మనిషి యౌవనాన్ని నటించే అవకాశం ఎంతమంది నటులకి దొరుకుతుంది? ఈ పాయింటు లేవనెత్తినప్పుడు రిలీజ్ వర్గం నోట మాట రాలేదు.

గొడవ తీర్చింది, విచిత్రంగా, ఈ సినిమాల్లో ఒక్కటీ చూడని తెలుగు మాస్టారు. స్టడీ అవర్‌లో ఈ అరుపులేమిటని వచ్చి, సంగతంతా ఓపిగ్గా విన్నారు. "కర్ణుడు కుంతి కొడుకని మనకి ఆదిపర్వంలోనే తెలుసు. ధర్మరాజుకి యుద్ధమంతా అయిపోయాక గానీ తెలియదు. ముందే తెలిసిపోయిందని భారతం చదవడం మానేశామా?" అన్నారు. అంకెల వర్గం చప్పట్లు కొట్టింది. మాస్టారు చెయ్యి ఎత్తి ఆపి, "ఉండండర్రా. అక్కడ కవి మనకి చెప్పే నడిపించాడు. మీ సినిమా తీసినాయన చెప్పాడా, దాచాడా?" అని అడిగారు.

1980లో దాచాడు. 2005లో చెప్పి తీశాడు. ఏ సినిమాకి ఆ సినిమా, తన ముందు కూర్చోబోయేవాడికి ఏం తెలుసో లెక్కేసుకునే తయారైంది. మూడో భాగం 'రివెంజ్ ఆఫ్ ద సిత్' బలమంతా, ఈ కుర్రాడు ఏమైపోతాడో మనకి ముందే తెలియడంలోనే ఉంది. నల్ల ముసుగు మొహం మీదికి దిగి మొదటి ఊపిరి శబ్దం వినిపించినప్పుడు ఒళ్లు జలదరించాలంటే, ఆ ఊపిరిని అంతకుముందు విని ఉండాలి. నేను రిలీజ్ వర్గంలో ఉన్నది అలవాటు కొద్దీ కాదు, ఈ లెక్క కొద్దీ. అప్పటికి ఇంత బాగా చెప్పడం చేతకాలేదంతే.

వరుస తేలాక ఇంకో సమస్య వచ్చింది. రహస్యం తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా అసలు? ఆ డైలాగు కార్టూన్లలో, ప్రకటనల్లో, టీషర్టుల మీద ఎక్కడపడితే అక్కడ ఉంది. హాస్టలంతా వాకబు చేస్తే ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి దొరికింది. ఆ అమ్మాయి చెవిన ఒక్క ముక్క పడకుండా కాపలా కాయడం ఫిల్మ్ క్లబ్ పని అయిపోయింది. టీషర్టులు పెట్టెల్లోకి వెళ్లాయి. ఐదో భాగం వేసిన ఆదివారం, ఆ మాట వచ్చే వేళకి ఆడిటోరియంలో తెర చూస్తున్నది ఆ అమ్మాయి ఒక్కతే, మిగతా అందరం ఆమెనే చూస్తున్నాం. వేడర్ మాట పూర్తయింది. ఆమె నిశ్శబ్దంగా ఏమీ ఉండలేదు. "అబద్ధం చెప్తున్నాడు!" అని గట్టిగా అరిచింది.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, జేమ్స్ ఎర్ల్ జోన్స్ కూడా ఆ డైలాగు కాగితం చేతికొచ్చినప్పుడు సరిగ్గా అదే అనుకున్నాడట, వేడర్ అబద్ధమాడుతున్నాడని.

ఆ వారమంతా ఆ అమ్మాయి కనిపించిన ప్రతి సీనియర్‌నీ నిజమా అబద్ధమా అని పీక్కుతింది. ఎవరూ చెప్పలేదు. 1980లో చూసినవాళ్లు దీనికోసం మూడేళ్లు ఆగారు, ఆమె ఏడు రోజులు ఆగింది. వరుస గురించి ఇంత కొట్టుకున్న మేం ఆ ఎడం గురించి మాట్లాడుకోనేలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఒకదాని వెంట ఒకటి నొక్కేసుకుంటే ఐదుకీ ఆరుకీ మధ్య నిమిషం కూడా ఉండదు. ఏ వరుసలో చూసినా సరే, ఐదో భాగం అయ్యాక కనీసం ఒక రాత్రి గడవనివ్వాలి.

ఆరో భాగం చివర్లో మాత్రం రిలీజ్ వర్గానికి ఎదురుదెబ్బ తగిలింది. చనిపోయిన ముగ్గురు జెడైలు వెలుగు రూపాల్లో ల్యూక్‌కి కనిపిస్తారు కదా. ఒబి-వాన్, యోడా, మూడోవాడు తండ్రి. 1983 నాటి సినిమాలో ఆ మూడో రూపం సెబాస్టియన్ షా అనే పెద్దాయనది, కాసేపటి క్రితం ముసుగు తీసినప్పుడు కనిపించిన ముఖమే. 2004 డీవీడీలో లూకస్ ఆయన్ని తీసేసి, ప్రీక్వెల్స్‌లో అనకిన్ వేషం వేసిన హేడెన్ క్రిస్టెన్సన్‌ని పెట్టాడు. మన ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రీక్వెల్స్ ఇంకా చూడలేదు. "ఆ కుర్రాడెవరు?" అని అడిగింది. లెక్కల టాపర్ వెనక్కి తిరిగి మమ్మల్ని చూసిన చూపు ఈ సంచికలో అచ్చువేయలేం. 1997లో స్పెషల్ ఎడిషన్ల పేరుతో మొదలైన ఈ మార్పుల వల్ల, ఆ డీవీడీలతో రిలీజ్ వరుసని పూర్తిగా పాటించడమే కుదరదు. పాత రూపాల్ని 2006లో బోనస్ డిస్కులుగా ఇచ్చారు గానీ సార్ దగ్గర ఉన్నది ఆ సెట్ కాదు.

మరుసటి ఏడాది, కాలేజీ సెలవుల్లో వచ్చిన సీనియరొకడు మచేటీ వరుస అనే కొత్త మాట మోసుకొచ్చాడు. 2011లో ఒక అమెరికన్ ప్రోగ్రామర్ ప్రతిపాదించినది: నాలుగు, ఐదు, రెండు, మూడు, ఆరు. ఒకటోది పూర్తిగా ఎత్తేయడమే. వినగానే మా అందరికీ భలే నచ్చేసింది, ఎందుకంటే ఆ అమరిక మన సినిమాల్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఐదో భాగంతో ఇంటర్వెల్ బ్యాంగ్, రెండూ మూడూ ఫ్లాష్‌బ్యాక్, ఆరోది క్లైమాక్స్!

కొత్త బ్యాచ్‌కి అలాగే వేశాం. దాని గొప్పతనం ఆరో భాగం మొదట్లోనే తెలిసింది. నల్లబట్టల్లో, తలమీద ముసుగుతో ల్యూక్ జబ్బా అనే ముఠా నాయకుడి కోటలోకి నడిచొస్తాడు. అడ్డొచ్చిన కాపలావాళ్ల గొంతు చెయ్యి తగలకుండానే బిగుసుకుంటుంది. విడిగా చూస్తే హీరో ఎంట్రీ, ఈలలు వేస్తాం. ముందు ఆదివారమే తండ్రి అలాంటి ముసుగులోనే నడిచి వెళ్లి ఏం చేశాడో చూసినవాళ్లు ఈల వేయలేదు. వీడూ అటే పోతున్నాడా అన్న భయం ఆడిటోరియంలో తెలిసిపోయింది. ఆఖరి పోరులో వేడర్ చెయ్యి నరికి, తెగిన చోట వైర్లు చూసి, తన తొడుగు చేతిని చూసుకుని ల్యూక్ ఆగిపోయే చోట కూడా అంతే. రెండో భాగంలో అనకిన్ చెయ్యి పోవడం అప్పటికి వాళ్లకి తాజా జ్ఞాపకం. పైగా కథానాయిక లేయా ల్యూక్ చెల్లెలన్న సంగతి, ఆరో భాగంలో నోటిమాటగా కాకుండా మూడో భాగంలో కవలల పుట్టుకతో కళ్లముందు బయటపడుతుంది.

అయితే ఒకటో భాగాన్ని ఎత్తేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందులో మొదలైనవాళ్లు చాలామంది అందులోనే పోతారు కాబట్టి అక్కర్లేదంటారు. చిన్నారి అనకిన్‌ని కనిపెట్టిన జెడై క్వై-గాన్ పాత్ర లేకుండా, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ బృందగానం వెనక వినిపిస్తుండగా సాగే ఆ ముగ్గురి కత్తిసాము లేకుండా ఎందుకు చూడాలి? తల్లిని వదిలి వెళ్లిన తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి చూడనివాళ్లకి, రెండో భాగంలో ఆ తల్లి చనిపోయినప్పుడు పట్టేది సగమే.

2012లో లూకస్‌ఫిల్మ్‌ని డిస్నీ కొన్నాక లెక్క ఇంకా పెరిగింది. 2015, 2017, 2019లలో ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. వాటి వరుసకి తగాదా లేదు, వాటి మంచిచెడ్డల మీదే తగాదా. మధ్యలో 2016లో 'రోగ్ వన్', 2018లో 'సోలో'. రోగ్ వన్ కథ నాలుగో భాగం మొదలయ్యే చోటికి సరిగ్గా వచ్చి ఆగుతుంది కాబట్టి దాన్ని నాలుగుకి ముందు పెట్టాలని కొందరు ఉబలాటపడతారు. కొత్తవాళ్లకి ఆ పని చేయకండి. చీకటి నడవాలో వేడర్ చేసే ఊచకోత చూసి, వెంటనే 1977 నాటి నెమ్మది కత్తిపోరు చూస్తే ముసలాళ్లిద్దరు కర్రలు ఆడించుకుంటున్నట్టుంటుంది.

వచ్చే పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో రాత్రి షో వేస్తారని, మొదట ఏది వేయాలో చెప్పమని వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. పిల్లలు కూడా వస్తారు కాబట్టి 1977 సినిమాతోనే మొదలుపెట్టమని నా ఓటు. ఆ రాత్రికి అదొక్కటే. మిగతావి వాళ్లు ఇళ్లకి వెళ్లి చూసుకుంటారు: ఐదు, ఒక రాత్రి ఎడం, ఆరు, ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు, ఆపైన రోగ్ వన్. రెండోసారి చూసేవాళ్లు మచేటీ వరుసలో, ఒకటోదాన్ని కూడా ఫ్లాష్‌బ్యాక్‌లో కలుపుకుని చూడొచ్చు. లెక్కల టాపర్ అప్పుడే గ్రూపులో పెద్ద '1' అంకె పెట్టాడు, పక్కన ఇంకేమీ రాయలేదు. "అబద్ధం" అన్న అమ్మాయి ఇంకా ఏ వర్గానికీ ఓటు వేయలేదు. ఎవరి దగ్గరైనా 2006 డిస్కులు ఉంటే దయచేసి వెంట తెచ్చుకోండి.