మావుళ్ళమ్మకి బాకీ

2021లో అన్నయ్యకి కరోనా ముదిరినప్పుడు అమ్మ భీమవరం మావుళ్ళమ్మకి చీర మొక్కుకుంది. వాడు కోలుకుని మూడేళ్ళయినా చీర బీరువాలోనే ఉండిపోయింది. "అమ్మవారి బాకీ ఉంచుకోకూడదురా" అని ఒకటే పోరు. చివరికి ఓ ఆదివారం పాలకొల్లులో బస్సెక్కాం.

వీరవాసరం దాటాక అమ్మ వాళ్ళ అమ్మమ్మ కాలం కబుర్లు ఎత్తుకుంది. అప్పట్లో కలరా అనేవారు కాదు, మరిడి. మశూచి అయితే అమ్మవారు పోసింది. గరగలెత్తి, డప్పులతో అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపేవారట.

"మళ్ళీ రాకుండానా?"

"వస్తే కోపంతో రాకుండా."

గుడిలో లైను బాగానే ఉంది. చీర తీద్దామని అమ్మ సంచి దులిపితే పసుపు పొట్లంతో పాటు పాత మాత్రల అట్ట ఒకటి జారిపడింది. డాక్సీసైక్లిన్. అన్నయ్యకి వాడగా మిగిలినవి రెండు, వెనక రేకు మీద కుంకుమ మరక. కరోనాకి దానివల్ల పెద్ద ప్రయోజనం లేదని తర్వాత తేలిందనుకోండి. అసలు దాని సత్తా ప్లేగు దగ్గర. 1347 తర్వాత నాలుగైదేళ్ళలో ఐరోపా జనాభాలో మూడో వంతుని, ఇంకా ఎక్కువే అంటారు, మింగేసిన జబ్బు అది. 1896లో బొంబాయిలో దిగి లక్షల ప్రాణాలు తీసింది. అదే 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల మీద పడ్డారు. డాక్సీసైక్లిన్‌దీ ఆ కుటుంబమే.

ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలో బయటికొచ్చింది. ఆ పరిశోధనలకి పెద్ద ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే. లైను కదిలేలోపు అమ్మకి ఇదంతా చెప్పాను.

"ఇక్కడాయనేనా!" అంది.

"ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తర్వాత ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ తయారీ కూడా ఆయన బృందం పనే."

ఇంతలో మా వంతు వచ్చింది. పెద్ద పెద్ద కళ్ళతో అమ్మవారు. పూజారి గారు చీర అందుకుని గోత్రం అడిగితే, గోత్రంతో పాటు అన్నయ్య పేరు రెండుసార్లు చెప్పింది అమ్మ.

బయట పులిహోర తింటూ చాలాసేపు మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుంటూ అంది: "ఇద్దరు కొడుకులు పోయాక ఆ తల్లి మూడోవాడి కోసం ఏం మొక్కుకుందోరా."