ఆంటీ-లా

ధనుర్మాసం వచ్చేసింది. అయిదింటికే గుడి మైకులో తిరుప్పావై. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయి, పొంగించి, గట్టు తుడుచుకునేసరికి ఆరయింది. బెజవాడ చలి ఒక చలేనా అంటారు గానీ అత్తయ్య ఒంటి మీంచి శాలువా దిగడం లేదు.

పదకొండింటికి పోస్టు. మైసూరు దగ్గరి టిబెటన్ల ఊరు బైలకుప్పె నుంచి ఉత్తరం, నేను చదువుకి డబ్బు పంపే పిల్ల రాసింది. 'డియర్ ఆంటీ-లా' అని మొదలు. టిబెటన్లకి 'లా' అంటే మన 'గారు'. మొదటి ఉత్తరంలో 'ఆంటీలా' అని చదువుకుని, నిజమేలే, ఆంటీని కాదుగా, ఆంటీలా, అంతే అనుకున్నా.

పిల్ల ఆరో తరగతి. పేరు రాసినా గుర్తుపట్టడం కష్టం, ఆ క్లాసులో సగం మంది తెన్‌జిన్‌లే. దలైలామా పేరులోంచి తెచ్చుకుంటారు. ఇంటిపేర్లు చాలామందికి ఉండవు. మొక్కజొన్న కోత అయిపోయిందట. మోమో-లాకి మోకాళ్ల నొప్పులట. మోమో అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఇది తెలియక ముందు మా సందు చివర తినే మోమోల బండి గుర్తొచ్చి తికమకపడ్డాను. అమ్మానాన్నా స్వెటర్లకి వెళ్లారట.

మనవాళ్లు కూలికి వెళ్లారు అన్నట్టే ఉంది, 'స్వెటర్లకి వెళ్లారు'. ఈ మాట అసలు బరువు నాకు చెప్పింది ఇక్కడ గ్రౌండులో స్వెటర్ల స్టాలు పెట్టే టిబెటన్ ఆవిడ. అరువు మీద లుధియానా సరుకు, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఊరుకాని ఊళ్లో అద్దె గది. బేరం ఆడనివ్వదు, ధర తెలుగులోనే చెబుతుంది. 1960 ప్రాంతంలో మైసూరు దగ్గర అడవి కొట్టుకుని సాగు మొదలుపెట్టారు టిబెట్ వదిలొచ్చిన వాళ్ల పెద్దలు. వానాధారం భూమి, మొక్కజొన్న. అప్పటి వాటా మీద ఇప్పుడు మూడో తరం బతకాలి. అందుకే చలికాలం నాలుగు నెలలూ పిల్లలు హాస్టల్లోనో ముసలివాళ్ల దగ్గరో. అసలు హిమాచల్‌లోని ధర్మశాల ఊళ్లో వాళ్ల పిల్లల గృహం మొదలైందే అలా. 1960 మేలో జమ్ము వైపు రోడ్డు పనుల క్యాంపుల నుంచి 51 మంది పిల్లల్ని తెచ్చి దలైలామా అక్క సెరింగ్ దోల్మా చేతిలో పెట్టారు. కన్నవాళ్లు కొండల్లో రాళ్లు కొడుతుంటే పిల్లలు ఇంకెక్కడో. రాళ్ల బదులు స్వెటర్లు వచ్చాయి.

భోజనాల దగ్గర అత్తయ్య అడగనే అడిగింది. "మన దగ్గర లేరుటే చదివించడానికి? మన రమణమ్మ కూతురు లేదూ?" ప్రతి ఉత్తరానికీ వచ్చే ప్రశ్నే. రమణమ్మ కూతురికి పుస్తకాలు కొంటాను, ఫీజు కట్టను. నెలకి 1,500 మాత్రం బైలకుప్పెకి పంపుతాను. ఎందుకంటే రమణమ్మ రోజూ కనిపిస్తుంది, ఇచ్చినది రోజూ మా ఇద్దరి మధ్యా నిలబడుతుంది. దూరంగా ఇవ్వడం సుఖం. ఈ మాట అత్తయ్యతో అనలేదు, పెరుగు వడ్డించాను.

మధ్యాహ్నం డబ్బు పంపబోతే ఓటీపీ రాదు. మూడోసారికి వచ్చింది.

ఉత్తరం చివర 'మీ దయ వల్లే చదువుకుంటున్నాను' అని ఉంది. ప్రతిసారీ అదే వాక్యం, అదే చోట. టీచరు బోర్డు మీద రాసి ఉంటుంది. అది చదివితే నాకు చెమటలు పడతాయి. మోకాళ్ల నొప్పుల దగ్గర మాత్రం చేతిరాత వంకర పోయింది, అది ఆ పిల్ల సొంతం.

రాత్రి జవాబు మొదలుపెట్టాను. 'బాగా చదువుకో' అని రాసి కొట్టేశాను. మా ఊరికి దగ్గర్లోనే అమరావతి ఉందని రాశాను. దాని పాత పేరు ధాన్యకటకం. టిబెట్‌లోని మీ డ్రేపుంగ్ మఠానికి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది, రెండిటికీ అర్థం వడ్లరాశే అన్నాను. 2006 జనవరిలో అక్కడికి కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇవ్వడానికి దలైలామా వచ్చినప్పుడు ఆ స్టాలావిడ దుకాణం మూసేసి వెళ్లిందనీ, సీజను మధ్యలో అంత నష్టమెందుకంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిందనీ రాశాను.

'మోమో-లాకి మోకాళ్లు ఏ పూట ఎక్కువ నొప్పి?' దగ్గర ఆగింది. అత్తయ్యకి తెల్లవారుజామున. మిగతాది రేపు.