రాని రోగులకు ఫోన్ చేసినప్పుడు తెలిసినవి

మా ఫిజియోథెరపీ విభాగంలో అపాయింట్‌మెంట్ల రిజిస్టరు చూసే బాధ్యత నాకు అప్పగించేనాటికి, చెప్పిన రోజున రాని రోగి పేరు ఎదుట ఎర్ర సిరాతో ‘గైర్హాజరు’ అని రాసి, జాబితా నుంచి తీసివేసే పద్ధతి ఉండేది. డాక్టరు చీటీ రాసిచ్చాక తొలి పిలుపు అందడానికి వారాలు పట్టేది. అంతమంది ఎదురుచూస్తుండగా, ఒకరికని కేటాయించిన అరగంట ఎవరికీ ఉపయోగపడకుండా పోవడం నన్ను ఎంతో బాధించేది.

ముందుగా, రానివారికి నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మణికట్టు విరిగి, 6 వారాల తర్వాత కట్టు విప్పించుకున్న ఒక పెద్దావిడ, “నొప్పి తగ్గాక వద్దామని ఆగాను బాబూ” అన్నారు. అన్నాళ్లు కదలకుండా ఉన్న కీలు బిగుసుకుపోతుందనీ, కొద్దిపాటి నొప్పి ఉన్నా మెల్లగా కదలికలు మొదలుపెడితేనే ఆ బిగువు వదులుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. వారం తిరగకుండా ఆమెను పిలిపించి చూస్తే, పిడికిలి బిగించినా వేళ్ల కొనలు అరచేతిని తాకడం లేదు. మరొకరికి నొప్పి తగ్గిపోయింది కానీ, ఇక రానని ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇంకొకరు ఉదయంపూట పని మానుకోలేకపోయారు. కొందరు తేదీ మరిచిపోయారు. ఇన్ని కారణాలను ‘నిర్లక్ష్యం’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయమని అప్పుడే అనిపించింది.

వారం ముందొకటి, ముందురోజొకటి మెసేజ్ పంపాలని నిర్ణయించాం. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు గుణింతపు గుర్తులతో కలిపి 70 స్థానాలే ఉంటాయి. మా తొలి పాఠంలో విభాగం పేరు, మర్యాద వాక్యాలే చోటంతా ఆక్రమించడంతో, అసలు కావలసిన ఫోన్ నంబరు రెండో ముక్కలోకి జారిపోయింది. చాలాసార్లు కత్తిరించాక, “రేపు 10:30కి ఫిజియోథెరపీ. రాలేకపోతే ఈ నంబరుకు చెప్పండి” అన్నంత వరకే ఉంచి, పక్కనే నంబరు చేర్చాం. నా దృష్టిలో ఆ రెండో వాక్యమే ముఖ్యమైనది, ఎందుకంటే ముందే తెలిస్తే ఆ సమయాన్ని, కబురందగానే రాగలమని చెప్పిన మరో రోగికి ఇవ్వగలుగుతాం. తేదీని మేము రాసివ్వకుండా రోగి చేతనే చీటీ మీద రాయించడం, ఏ వేళ వీలవుతుందో ముందుగా అడగడం కూడా అప్పుడే మొదలుపెట్టాం.

ఖాళీలు తగ్గాయి గానీ, పెద్ద వయసువారిలో కొందరు అప్పటికీ రాలేదు. విచారిస్తే, మేము పంపిన మెసేజ్‌లు పగలంతా ఉద్యోగంలో ఉండే వారి కొడుకుల ఫోన్లకు వెళ్తున్నాయని తెలిసింది. అందుకని రిజిస్టరులో ‘ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?’ అనే గడిని కొత్తగా చేర్చాం. ఫోన్ తమ చేతిలో ఉండదన్నవారికి మెసేజ్ పంపి ఊరుకోకుండా, ఇంట్లో వారితో మాట్లాడే వీలుండేలా సాయంత్రం వేళ నేనే ఫోన్ చేస్తున్నాను.