రక్తం తగ్గిన ఏడాది

ఆ ఏడాది ఎండాకాలం నుంచే మూడో అంతస్తులోని మా ఇంటికి మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చేది, గుండె దడదడలాడేది, మధ్యాహ్నమయ్యేసరికి ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు కరకరా నమలాలనిపించేది. ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలని నాకు తట్టలేదు. నాకు ఆటిజం ఉందని ముప్పై దాటాక నిర్ధారణ అయింది. ఆకలి, దాహం, నొప్పి వంటి ఒంటి లోపలి కబుర్లు మాలో చాలామందికి ఆలస్యంగానో అస్పష్టంగానో అందుతాయి. ఆఫీసులో రోజంతా చప్పుళ్ళనూ మాటలనూ తట్టుకుని వచ్చాక కలిగే అలసట నాకు అలవాటే కాబట్టి, ఈ నీరసాన్నీ దాని కిందే జమకట్టుకున్నాను.

అన్నయ్య బలవంతం మీద వెళ్ళిన మొదటి ఆసుపత్రిలో డాక్టరు గది దాకా చేరడమే గగనమైంది. ఓపీ హాలులో గోడ మీది టీవీలో వార్తలు, మినుకుమనే ట్యూబులైటు, ఫినాయిలు వాసన, మైకులో ఆగకుండా టోకెన్ నంబర్లు. వాటి మధ్య గంటకు పైగా కూర్చుని లోపలికి వెళ్ళేసరికి నాకు మాట పెగలలేదు. డాక్టరుగారు అన్నయ్యనే అడిగారు, అన్నయ్యకే చెప్పారు. ముందు మాట లేకుండా చెయ్యి పట్టుకోబోతే నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. దాంతో కింది కనురెప్ప లాగి చూసే ప్రయత్నం కూడా ఆయన చేయలేదు. చూసి ఉంటే, లోపల ఎర్రగా ఉండవలసిన చోటు తెల్లగా పాలిపోయి ఉండటం కనిపించేది. ఆటిజం అన్న మాట చెవిన పడగానే ఆయాసం, దడ, నీరసం అన్నీ ఆందోళన ఖాతాలోకి వెళ్ళిపోయాయి. నిద్రమాత్రలు రాసిచ్చారు.

బయట నర్సు మాత్రం నన్నే అడిగింది, "నెలసరి మామూలుగానే వస్తోందా అమ్మా?" అని. చిన్నప్పటి నుంచీ నాకు ఒకే తీరుగా వస్తోంది కనుక మామూలుగానే వస్తోందని చెప్పాను. ఇతరులకు ఎలా వస్తుందో నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు, నాకెవరూ చెప్పనూ లేదు. తర్వాత మరో డాక్టరమ్మ ఇదే సంగతిని వేరుగా అడిగారు: ప్యాడ్ ఎన్ని గంటలకోసారి మార్చవలసి వస్తుంది, గడ్డలు పడతాయా, రాత్రి లేచి మార్చుకుంటావా అని. గంటన్నరకోసారి, పడతాయి, లేస్తాను. నెలసరిలో నాకు రక్తం మామూలు కంటే ఎక్కువగా పోతోందని ఆ మూడు జవాబులతోనే తేలి, సగం రోగనిర్ధారణ అయిపోయింది.

ఆ డాక్టరమ్మ క్లినిక్ విజయవాడలో మా పేటలోనే ఉంది. వదిన ముందే ఫోన్ చేసి, కాంపౌండరుతో మాట్లాడి, పొద్దున తలుపులు తీయగానే మొదట నన్నే చూసేలా ఒప్పించింది. నేను లోపల కూర్చోనవసరం లేదు, వీధిలో వేపచెట్టు కింద నిలబడితే ఫోన్‌కు మెసేజ్ పెడతారు. లక్షణాలన్నీ ఎప్పటి నుంచి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాను. పై భాగంలో, "మాట్లాడటానికి సమయం పడుతుంది, దయచేసి ఆగండి. ముట్టుకునే ముందు చెప్పండి. కళ్ళలోకి చూడకపోయినా వింటూనే ఉంటాను" అని ఉంది. ఆమె దాన్ని పూర్తిగా చదివి, ఫ్యాను ఆపించి, "ఇప్పుడు కనురెప్ప కిందికి లాగుతాను" అని చెప్పి మరీ లాగారు.

రక్తం తీయడం గురించి నాకున్న భయమంతా సూది మీద కాదు, మోచేతి పైన బిగించే రబ్బరు పట్టీ మీద. డాక్టరమ్మ చొక్కా చేతి మీదుగా పట్టీ కట్టమన్నారు. గంట ముందు పూసుకోవడానికి మొద్దుబార్చే క్రీము రాశారు, పడుకోబెట్టి తీయమని ల్యాబు కుర్రాడికి చెప్పారు. ఇందులో ఏదీ ఖరీదైన ఏర్పాటు కాదు. హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. గర్భం లేని స్త్రీలకు 12 కంటే తక్కువైతే రక్తహీనత అని, 8 కంటే తక్కువైతే తీవ్రమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఫెరిటిన్ కూడా బాగా పడిపోయింది, అంటే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయి. స్కానింగులో చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో పెరిగే క్యాన్సరు కాని గడ్డ, కనిపించింది. ఇనుము మాత్రలు కాక, రక్తస్రావం తగ్గడానికి నెలసరి రోజుల్లో వేసుకోవలసిన మాత్రలు వేరుగా ఇచ్చారు.

తిండి సంగతి కూడా వచ్చింది. పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు, బిస్కెట్లు, భోజనం కాగానే టీ, ఇదీ నా రోజు. తోటకూర పప్పులో నాలుకకు తగిలే ఈనెను నేను మింగలేను. ఇది ఎవరూ మాన్పించగల మారాం కాదు. డాక్టరమ్మ ఆకుకూరల ఉపన్యాసం ఇవ్వకుండా, టీ ఒక్కటీ భోజనానికి రెండు గంటలు ఎడంగా జరపమన్నారు, ఎందుకంటే టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు. (పక్కింటి పిన్నిగారు రోజూ పంపిన బీట్‌రూట్ రసం ఎరుపే కానీ, అందులో ఇనుము పెద్దగా ఉండదు.) ఇనుము మాత్ర నిమ్మరసంతో వేసుకోవాలని, నోట్లో లోహపు రుచి వస్తుందని, మలం నల్లబడుతుందని ముందే కాగితం మీద రాసిచ్చారు. ఆ చివరి వాక్యం లేకపోతే మొదటి వారమే నేను మాత్రలు ఆపేసేదాన్ని. కడుపులో తిప్పుతోందంటే రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. మాత్ర వేశాక ఒంట్లో పెరిగే హెప్సిడిన్ అనే హార్మోను మర్నాటి ఇనుమును పేగుల దగ్గరే అడ్డుకుంటుంది కాబట్టి అలా వేసినా నష్టం లేదట.

ముందుగా ఐసు పిచ్చి పోయింది, తర్వాత దడ తగ్గింది, మెట్ల మీద ఆగకుండా ఇంటికి చేరడం మాత్రం అన్నిటికంటే ఆలస్యమైంది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు మాత్రలు వాడాను.

కాగితం రాసుకోవాలన్న ఆలోచన పూర్తిగా నాది కాదు. అమెరికాలో ఆటిజం ఉన్నవారూ పరిశోధకులూ కలిసి నడిపే ఆస్పైర్ బృందం, డాక్టరుకు ఇవ్వవలసిన ఇలాంటి పత్రాన్ని ఎవరికి వారు తయారు చేసుకునే పద్ధతి రూపొందించింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో అడ్డంకులు లేని ప్రవేశం, వైద్యంలో ప్రాధాన్యం కల్పించాలని దాని 25వ సెక్షను చెబుతోంది. అడ్డంకి అనగానే మన ఆసుపత్రులకు మెట్లు గుర్తొస్తాయి కాబట్టి ర్యాంపు కడతారు. టీవీ శబ్దం తగ్గించడం, మొదటి టోకెన్ ఇవ్వడం కూడా అదే పద్దులోకి వస్తాయని ఓపీ కౌంటరులో కూర్చునేవారికి ఎవరైనా చెప్పాలి. అందరికీ ఫోన్ చేసి ఒప్పించే వదిన ఉండదు.

నా కాగితం నకలు ఇప్పుడు ఆ క్లినిక్ ఫైలులో ఉంది. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు ఒక్కదాన్నే వెళ్ళి వస్తున్నాను. పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. ఆ డ్రిల్లు చప్పుడుకు ఏ ఏర్పాటు అడగాలో తేల్చుకున్నాక అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.