కొత్తపట్నం ఇసుకలో ముందు చక్రాల హబ్బులు

ఒంగోలు నుంచి కొత్తపట్నం తీరానికి నా పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెళ్ళిన ప్రతిసారీ, తారు రోడ్డు ముగిసే చోట ఆగి, రెండు ముందు చక్రాల నడిబొడ్డునా ఉండే హబ్బులను (చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే బిళ్ళలు) ‘లాక్’ గుర్తు దాకా చేత్తో పూర్తిగా తిప్పిన తరువాతే ఇసుకలోకి దిగుతాను. మొదటిసారి ఆ పని మరచి, బండి లోపలి ఫోర్ వీల్ మీటను మాత్రమే మార్చాను. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) నుంచి శక్తి ముందు ఇరుసు దాకా వచ్చినా, హబ్బులు ‘ఫ్రీ’లో ఉన్నందువల్ల చక్రాలకు అందలేదు, వెనుక చక్రాలు గుంతలు తవ్వుకుంటూ ఇరుసు దాకా కూరుకుపోయాయి. వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు వచ్చి తోశారు, ఆ మేలు మరువలేను. ఒక్క హబ్బునే లాక్ చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరిక, అంటే సాధారణ డిఫరెన్షియల్, శక్తిని తేలికగా తిరిగే వైపుకే వదిలేస్తుంది.

యుద్ధంలో మిగిలిన జీపులు మామూలు రోడ్లపై హాయిగా నడవాలని అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో ఇటువంటి హబ్బుల తయారీ ప్రారంభించారు. ‘ఫ్రీ’లో ఉంచితే ముందు ఇరుసు, దాని షాఫ్టులు ఊరికే తిరగవు, అరుగుదల తగ్గుతుంది.

హబ్బులు లాక్‌లో ఉండగా టూ వీల్‌లో నడిపితే పెద్ద నష్టమేమీ లేదు కనుక, ఈశాన్య రుతుపవనాల నెలల్లో నేను వాటిని అలాగే ఉంచుతాను. పొడి తారు రోడ్డుపై ఫోర్ వీల్ మీట మాత్రం వేయను. ముందు, వెనుక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని ఇలాంటి బండిలో మలుపు తిరిగేటప్పుడు గేర్లు బిగుసుకుంటాయి. వేసవిలోనూ నెలకొకసారి కాసేపు లాక్ చేసి నడిపి, ముందు ఇరుసులోని నూనెను కదిలిస్తాను.